మొత్తం బ్యాంకు డిపాజిట్లు: ఈ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు (తరచుగా అడిగే ప్రశ్నలు)

బ్యాంకు డిపాజిట్లు ఇంత శాతం పెరిగాయని పేపర్లో వస్తే "జనం దగ్గర డబ్బు బాగానే ఉంది" అంటారు. పెరుగుదల తగ్గిందని వస్తే "అందరూ షేర్లలోకి, మ్యూచువల్ ఫండ్లలోకి పోతున్నారు, బ్యాంకులు ఖాళీ అయిపోతున్నాయి" అంటారు. రెండూ సగం సగమే నిజం. ఈ అంకె జనం పొదుపు కంటే బ్యాంకులు ఇస్తున్న అప్పుల గురించే ఎక్కువ చెబుతుందని నా అభిప్రాయం. ఎందుకో ఈ ప్రశ్నల్లో చూద్దాం.

మొత్తం డిపాజిట్లు అంటే ఏమేం కలుపుతారు?

షెడ్యూల్డ్ వాణిజ్య బ్యాంకులన్నిట్లో (అంటే ఆర్‌బీఐ చట్టం జాబితాలో ఉన్న వాణిజ్య బ్యాంకుల్లో) ఖాతాదారులు దాచిన డబ్బు. కరెంటు ఖాతాలు, సేవింగ్స్ ఖాతాలు, ఎఫ్‌డీలు, ఆర్‌డీలు అన్నీ ఇందులోకే వస్తాయి. ప్రభుత్వ, ప్రైవేటు, విదేశీ బ్యాంకులే కాదు, స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులు, మన ఊళ్లలోని గ్రామీణ బ్యాంకులు కూడా లెక్కే. ఒక బ్యాంకు ఇంకో బ్యాంకులో పెట్టిన డబ్బును మాత్రం తీసేస్తారు, లేకపోతే ఒకే రూపాయిని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. పోస్టాఫీసు పొదుపు, చిట్టీలు, ఫైనాన్స్ కంపెనీల్లో పెట్టిన డబ్బు ఇందులో ఉండవు. కాబట్టి ఇంటి పొదుపు అంతా ఈ అంకెలో ఉంటుందనుకోవడం మొదటి పొరపాటు.

ఎంత ఉన్నాయి? లెక్క ఎవరు చెబుతారు?

2025 మార్చి చివరికి సుమారు 225 లక్షల కోట్ల రూపాయలు. అదే తేదీకి బ్యాంకులు ఇచ్చిన అప్పులు 182 లక్షల కోట్ల దాకా ఉన్నాయి. మన జీడీపీతో పోలిస్తే డిపాజిట్లు మూడింట రెండొంతుల పైమాట.

లెక్క చెప్పేది ఆర్‌బీఐ. 1934 నాటి ఆర్‌బీఐ చట్టం 42వ సెక్షన్ ప్రకారం ప్రతి బ్యాంకూ పక్షానికోసారి తన లెక్క పంపాలి, వాటన్నిటినీ కూడి ఆర్‌బీఐ ప్రకటిస్తుంది. ఏళ్ల తరబడి ఈ పక్షం శుక్రవారం నుంచి శుక్రవారానికి నడిచింది. 2025లో వచ్చిన బ్యాంకింగ్ చట్టాల సవరణ దాన్ని నెలలో 15వ తేదీకి, నెలాఖరుకు మార్చింది. చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ, పాత శుక్రవారం లెక్కను కొత్త నెలాఖరు లెక్కతో పోల్చి "అబ్బో ఎంత పెరిగిందో" అనుకునే ముందు ఒకసారి తేదీలు చూసుకోవాలి.

డిపాజిట్లు పెరిగాయంటే జనం పొదుపు చేసినట్టేగా?

కాదు. అసలు విషయమంతా ఈ ప్రశ్నలోనే ఉంది కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

మీరు కొంపల్లిలో ఒక ఫ్లాట్ కొంటున్నారు, బ్యాంకు 50 లక్షల హోమ్ లోను ఇచ్చింది అనుకుందాం. ఆ 50 లక్షలు బ్యాంకు ఎవరి ఎఫ్‌డీలోంచో తీసి మీకివ్వదు. పక్క వీధి పెద్దాయన ఎఫ్‌డీ ఎక్కడిదక్కడే ఉంటుంది. బ్యాంకు తన పుస్తకాల్లో ఒకవైపు "ఈయన మనకు 50 లక్షలు బాకీ" అని రాసుకుని, రెండో వైపు బిల్డర్ ఖాతాలో 50 లక్షలు జమ చేస్తుంది. అంతే, దేశంలో మొత్తం డిపాజిట్లు ఆ క్షణంలో 50 లక్షలు పెరిగాయి. ఎవరూ కొత్తగా ఒక్క రూపాయి కూడా పొదుపు చేయలేదు, నిజానికి మీరు పాతికేళ్ల అప్పులో పడ్డారు!

ఆ తర్వాత బిల్డర్ స్థలం యజమానికి కొంత, ఇనుము, సిమెంటు వాళ్లకు కొంత, మేస్త్రీలకు కొంత ఇస్తాడు. స్థలం యజమాని ఆ డబ్బు ఎఫ్‌డీ వేస్తే బ్యాంకు లెక్కలో అది "టర్మ్ డిపాజిట్" అవుతుంది, చూసేవాళ్లకు అచ్చం పొదుపులాగే ఉంటుంది. డబ్బు ఖాతాలు మారుతుంది, బ్యాంకులు మారుతుంది, మొత్తం మాత్రం తగ్గదు. మీరు నెలనెలా ఈఎంఐ కడుతున్నప్పుడు దీనికి రివర్స్ జరుగుతుంది: మీ జీతం ఖాతాలో డబ్బు తగ్గుతుంది, బాకీ తగ్గుతుంది, అంత మేరకు డిపాజిట్లు మాయమవుతాయి.

అలాగైతే బ్యాంకులు డిపాజిట్ల కోసం ఎందుకు అంత వెంటపడతాయి?

మంచి ప్రశ్న. ఎందుకంటే బిల్డర్ ఖాతా అదే బ్యాంకులో ఉండాలని లేదుగా. వేరే బ్యాంకులో ఉంటే మీకు లోనిచ్చిన బ్యాంకు ఆ 50 లక్షలు ఆర్‌బీఐ దగ్గరున్న తన ఖాతాలోంచి ఆ బ్యాంకుకు కట్టాలి. ఇలా కడుతూ పోతే కరువొస్తుంది కాబట్టి బయటికి పోయిన డబ్బును మళ్లీ తన దగ్గరికి రప్పించుకోవాలి. దేశం మొత్తం మీద చూస్తే అప్పే డిపాజిట్‌ను పుట్టిస్తుంది, ఒక్కో బ్యాంకు వైపు నుంచి చూస్తే మాత్రం డిపాజిట్ లేనిదే అప్పు నడవదు. పైగా డిపాజిట్లలో కొంత శాతం ఆర్‌బీఐ దగ్గర నగదుగా పెట్టాలి (సీఆర్‌ఆర్), ఇంకొంత శాతం ప్రభుత్వ బాండ్ల లాంటి వాటిలో ఉంచాలి (ఎస్‌ఎల్‌ఆర్), మూలధనం చాలాలి. ఇన్ని పగ్గాలు ఉన్నాయి కాబట్టే అప్పులు ఇష్టారాజ్యంగా పెరగవు.

మ్యూచువల్ ఫండ్లు డిపాజిట్లను తినేస్తున్నాయి అంటున్నారు కదా?

మీ సేవింగ్స్ ఖాతా నుంచి 5,000 సిప్ (ఫండ్‌లో నెలనెలా వేసే వాయిదా) కట్ అయితే ఆ డబ్బు ఫండ్ సంస్థ ఖాతాలోకి వెళ్తుంది. ఫండ్ ఆ డబ్బుతో షేర్లు కొంటే అమ్మినవాడి ఖాతాలోకి వెళ్తుంది. ఆ ఖాతాలన్నీ బ్యాంకుల్లోనే కదా ఉన్నాయి! ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారింది, అంతే. నెలవారీ సిప్‌లు 2024 ఏప్రిల్‌లో 20,000 కోట్లు, అక్టోబరులో 25,000 కోట్లు దాటాయి. దానివల్ల మొత్తం డిపాజిట్లు అంత మేరకు తగ్గిపోతే బ్యాంకులు ఈపాటికి గగ్గోలు పెట్టేవి.

మరి 2024 ఆగస్టులో అప్పటి ఆర్‌బీఐ గవర్నర్ శక్తికాంత దాస్, ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ఇద్దరూ డిపాజిట్ల గురించి ఎందుకు మాట్లాడినట్టు? ఆందోళనలో అర్థం ఉంది, కాకపోతే అది డిపాజిట్ల రకం గురించి. మీ సేవింగ్స్ ఖాతాలో 5,000 ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉంటుంది, బ్యాంకు దానికి ఇచ్చే వడ్డీ రెండున్నర, మూడు శాతం. అదే డబ్బు కంపెనీ ఖాతాలోకి పోతే రేపోమాపో వెళ్లిపోతుంది, లేదంటే "ఏడు శాతానికి పైన ఇస్తేనే ఉంచుతా" అని బేరమాడుతుంది. బ్యాంకుకు ఖర్చు పెరుగుతుంది, టెన్షన్ పెరుగుతుంది. మొత్తం అంకెలో మాత్రం ఇదేమీ కనపడదు.

ఒక మినహాయింపు ఉంది. 2024 అక్టోబరులో హ్యుందాయ్ మోటార్ ఇండియా ఐపీఓ (జనానికి మొదటిసారి షేర్ల అమ్మకం) వచ్చింది, సుమారు 27,870 కోట్లు. అదంతా కొరియాలోని మాతృ సంస్థ తన వాటా అమ్ముకున్నదే, ఇక్కడి కంపెనీకి కొత్తగా ఏమీ రాలేదు. అలాంటి డబ్బు డాలర్లుగా మారి దేశం దాటేటప్పుడు, ఆ డాలర్లు అమ్మింది ఆర్‌బీఐ అయితే ఆ రూపాయలు ఆర్‌బీఐలోకి వెళ్లిపోతాయి. అప్పుడు డిపాజిట్లు నిజంగానే తగ్గుతాయి.

అంటే డిపాజిట్లు నిజంగా తగ్గే దారులు ఏవి?

అప్పులు తీర్చడం ఒకటి, పైన చెప్పుకున్నాం. రెండోది నగదు. ఏటీఎంలో డబ్బు తీసి ఇంట్లో పెట్టుకుంటే డిపాజిట్ కాస్తా నోటు అవుతుంది. పండగలకు, పెళ్లిళ్ల సీజన్‌కు, ఎన్నికల ముందు చలామణిలో నగదు పెరిగేది ఇందుకే. మూడోది ప్రభుత్వ ఖాతా: జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15న అడ్వాన్స్ ట్యాక్స్ కట్టినప్పుడు ఆ డబ్బు ఆర్‌బీఐలోని ప్రభుత్వ ఖాతాలోకి చేరుతుంది, దాన్ని బ్యాంకు డిపాజిట్‌గా లెక్కపెట్టరు. ప్రభుత్వం జీతాలు, పింఛన్లు, బిల్లులు ఇచ్చినప్పుడు మళ్లీ బ్యాంకుల్లోకి వస్తుంది. నాలుగోది ఆర్‌బీఐ డాలర్లు అమ్మడం. రూపాయి జారిపోకుండా 2024-25 రెండో సగంలో ఆర్‌బీఐ భారీగా డాలర్లు అమ్మింది, ఆ తర్వాతే బ్యాంకుల దగ్గర డబ్బుకు కటకట వచ్చింది.

నోట్ల రద్దప్పుడు డిపాజిట్లు ఒక్కసారిగా పెరిగాయి. అది మంచి సంకేతమేనా?

ఈ అంకెను అమాయకంగా చదవకూడదని చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 2016 నవంబరు 8 రాత్రి చెల్లవన్న నోట్ల విలువ 15.41 లక్షల కోట్లు, ఆర్‌బీఐ లెక్క ప్రకారం అందులో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగొచ్చాయి. జనం బీరువాల్లో ఉన్న నోటు ఖాతాలోకి మారింది, దానివల్ల ఎవరూ పైసా ధనవంతులు కాలేదు. పైగా ఏటీఎంల ముందు క్యూలు, సగంలో ఆగిన పెళ్లి పనులు, అమ్ముడుపోని కూరగాయలు. ఆర్థిక వ్యవస్థ దెబ్బతిన్న ఆ వారాల్లోనే డిపాజిట్ల గ్రాఫ్ నిటారుగా లేచింది! బ్యాంకుల్లో డబ్బు మరీ ఎక్కువైపోయి, సెప్టెంబరు 16 నుంచి నవంబరు 11 మధ్య పెరిగిన డిపాజిట్లకు నూటికి నూరు శాతం తన దగ్గర పెట్టమని ఆర్‌బీఐ కొన్నాళ్లు ఆదేశించింది కూడా.

మరుసటి ఏడాది జనం మళ్లీ నగదు తీసుకున్నారు. 2017-18లో డిపాజిట్ల పెరుగుదల ఆరేడు శాతానికి పడిపోయింది. అప్పుడు "దశాబ్దాల కనిష్ఠం" అని హెడ్డింగులు వచ్చాయి, ముందటేడాది అంకె ఉబ్బి ఉందన్న మాట చాలామంది మరిచిపోయారు. 2023 మే 19న 2,000 నోటు వెనక్కి తీసుకున్నప్పుడూ ఇదే కథ, కాకపోతే చిన్న స్థాయిలో. అప్పటికి ఆ నోట్లు 3.56 లక్షల కోట్లు, వాటిలో ఎక్కువ భాగం మార్చుకోకుండా ఖాతాల్లోనే వేసుకున్నారు.

పది శాతం పెరుగుదల అంటే మంచిదా, కాదా?

దాన్ని విడదీసి చూస్తే గానీ చెప్పలేం. ఎఫ్‌డీ మీద పడే వడ్డీ కూడా మళ్లీ డిపాజిట్‌గానే లెక్కలోకి వస్తుంది. సగటున ఐదు శాతం వడ్డీ పడిందనుకుంటే, పది శాతం పెరుగుదలలో సగానికి దగ్గరగా ఎవరూ కొత్తగా తెచ్చి వేసింది కాదు, పాత డబ్బుకు పుట్టిందే. కొందరు వడ్డీ తీసి వాడుకుంటారు కాబట్టి లెక్క మరీ అంత సూటిగా ఉండదు, కానీ దిశ అదే. ఆపైన ధరల పెరుగుదల తీసేయండి. మిగిలేదాన్ని చూసి సంబరపడాలో వద్దో నిర్ణయించుకోవచ్చు.

కోవిడ్ ఏడాది గుర్తుందా? 2020-21లో డిపాజిట్లు 11 శాతానికి పైగా పెరిగాయి, అప్పులు ఐదారు శాతమే. బళ్లు ఆగాయి, షాపులు మూశారు, ఖర్చు పెట్టే దారి లేదు, రేపేమవుతుందోనన్న భయం. ప్రభుత్వం అప్పు తెచ్చి ఖర్చు పెట్టింది. డిపాజిట్ల అంకె ఒక్కటే చూసినవాడికి అది మంచి ఏడాదిలాగే కనిపిస్తుంది.

మార్చి చివర్లో పెరిగి ఏప్రిల్‌లో తగ్గుతాయి, ఎందుకు?

మార్చి 31 బ్యాలెన్స్ షీట్ కోసం. బ్యాంకులో పని చేసేవాళ్లను అడగండి, చెబుతారు. ఆ వారం మేనేజరు పెద్ద ఖాతాదారులకు ఫోన్లు చేస్తూనే ఉంటాడు: "సార్, మీ పేమెంటు రెండు రోజులు ఆపండి సార్, ఒకటో తారీకు తర్వాత తీసేసుకోండి, ఈ ఒక్కసారికి నా మాట వినండి." టార్గెట్ కోసం ఓవర్‌డ్రాఫ్టులోంచి (ఖాతాలో ఉన్నదానికి మించి వాడుకునే అప్పులోంచి) తీసి ఎఫ్‌డీ వేయించడం దాకా పోయిన సందర్భాలూ ఉంటాయి. అప్పు, డిపాజిట్ రెండూ పెరుగుతాయి, వారం తిరక్కుండా రెండూ దిగుతాయి. కాబట్టి మార్చి ఆఖరి పక్షాన్ని పోయినేడు మార్చి ఆఖరి పక్షంతోనే పోల్చండి, దాని ముందున్న పక్షంతో కాదు.

ఇలాంటిదే ఇంకోటి. 2023 జూలై 1న ఇళ్ల అప్పులిచ్చే హెచ్‌డీఎఫ్‌సీ సంస్థ హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకులో విలీనమైంది. అప్పటిదాకా బ్యాంకుల లెక్కలో లేని ఇళ్ల అప్పులు ఒక్క రోజులో బ్యాంకు అప్పులయ్యాయి. ఆ ఏడాది పెరుగుదలను ఆర్‌బీఐ విలీనంతో ఒకసారి, విలీనం లేకుండా ఒకసారి ఇచ్చేది. ఏది చూస్తున్నారో చూసుకోవాలి.

సీడీ నిష్పత్తి అంటే ఏంటి? ఆంధ్ర, తెలంగాణల్లో అది వంద దాటిందంటే భయపడాలా?

వంద రూపాయల డిపాజిట్లకు ఎంత అప్పు ఇచ్చారన్నదే సీడీ నిష్పత్తి. దేశం మొత్తానికి ఇది 80 అటూఇటూ ఉంటుంది. 70ల్లోంచి 80ల్లోకి పోతోందంటే అప్పులు డిపాజిట్ల కంటే వేగంగా పరుగెడుతున్నాయని, డిపాజిట్ల అంకె ఒక్కదాని కంటే ఇదే ఎక్కువ చెబుతుంది.

రాష్ట్రాల విషయం వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింట్లోనూ ఇది వంద శాతం దాటి చాలా కాలమైంది, ఆంధ్రలో ఇంకా ఎక్కువ. అంటే ఇక్కడ బ్యాంకులు మునుగుతున్నాయని కాదు. బ్యాంకు దేశమంతా ఒకటే పుస్తకం, వేరే రాష్ట్రంలో పోగైన డబ్బు ఇక్కడ అప్పుగా రావచ్చు. మన దగ్గర పంట రుణాలు, బంగారం పెట్టి తెచ్చుకునే అప్పులు, డ్వాక్రా సంఘాల రుణాలు ఎక్కువ. డిపాజిట్ ఏ బ్రాంచిలో ఉంటే ఆ ఊరి లెక్క, అప్పు ఏ బ్రాంచిలో ఉంటే ఆ ఊరి లెక్క. గుంటూరు మనిషి జీతం హైదరాబాద్ బ్రాంచిలో ఉంటే అది తెలంగాణ డిపాజిట్, ఆయన తండ్రి తెనాలిలో తీసుకున్న పంట రుణం ఆంధ్ర అప్పు. ఏదైనా జిల్లాలో డిపాజిట్లు తక్కువున్నాయి కాబట్టి ఆ జిల్లా పేదదని తేల్చేసేవాళ్లు ఇది ఒకసారి ఆలోచించాలి.

ఇంతకీ ఈ 225 లక్షల కోట్లు ఎవరివి?

సామాన్యుడివి అనే మాట సగమే నిజం. కుటుంబాల వాటా సగానికి బాగా పైనే, కానీ కుటుంబాలన్నీ ఒకటి కాదు కదా. జన్‌ధన్ ఖాతాలు 2025 నాటికి 55 కోట్లు దాటాయి, వాటన్నిట్లో కలిపి ఉన్నది రెండున్నర లక్షల కోట్ల పైచిలుకు. అంటే మొత్తం డిపాజిట్లలో ఒక శాతం కంటే కాస్త ఎక్కువ. ఇటువైపు టర్మ్ డిపాజిట్లలో కోటి రూపాయలు, అంతకు మించినవే విలువలో 40 శాతానికి పైగా ఉన్నాయి. అరవై దాటినవాళ్ల డబ్బు మొత్తంలో ఐదో వంతు దాకా ఉంటుంది. వడ్డీ రేట్లు తగ్గితే ఇంట్లో ముందుగా గొణిగేది తాతయ్యే ఎందుకవుతాడో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

పెద్ద డిపాజిట్‌దారు అనగానే మనకు గుర్తొచ్చే టీటీడీ సంగతీ చూద్దాం. 2022 నవంబరులో ఇచ్చిన శ్వేతపత్రం ప్రకారం దానికి బ్యాంకుల్లో ఉన్న ఎఫ్‌డీలు 15,900 కోట్ల పైన. వింటే కళ్లు తిరిగే మొత్తం. దేశం డిపాజిట్ల పక్కన పెడితే వెయ్యిలో ఒక వంతు కూడా కాదు.

ఒక బ్యాంకు కష్టాల్లో పడితే ఈ అంకెలో తెలుస్తుందా?

తెలియదు. యెస్ బ్యాంకు డిపాజిట్లు 2019 సెప్టెంబరులో రెండు లక్షల కోట్లకు పైగా ఉండేవి, 2020 మార్చి చివరికి దాదాపు సగమయ్యాయి. మధ్యలో మార్చి 5న ఆర్‌బీఐ ఆంక్షలు పెట్టింది, ఒక్కో ఖాతాదారు 50,000 మించి తీయడానికి వీల్లేదంది. అక్కడ పోయిన డబ్బు ఎటు పోయింది? వేరే బ్యాంకులకు. దేశం మొత్తం అంకెలో ఆ తుపాను జాడే కనపడదు.

ఎన్నారైలు పంపే డబ్బు ఇందులో ఎంత?

ఎన్నారైల కోసం ఉన్న ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ (రూపాయల్లో), ఎఫ్‌సీఎన్‌ఆర్ (విదేశీ కరెన్సీలో) ఖాతాలన్నీ కలిపి 2025లో 160 బిలియన్ డాలర్లకు పైన. మొత్తంలో చిన్న వాటాయే, కానీ దేశానికి డాలర్లు కావలసి వచ్చినప్పుడు దీని విలువ తెలుస్తుంది. 2013లో రూపాయి కుప్పకూలుతున్నప్పుడు ఆర్‌బీఐ ఒక ప్రత్యేక పథకం పెట్టి ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ల రూపంలో 26 బిలియన్ డాలర్ల దాకా రప్పించింది. అమెరికాలో ఉన్న మీ బావగారు ఇక్కడ ఎన్‌ఆర్‌ఈ ఎఫ్‌డీ వేశారంటే పొదుపు అలవాటు ఒక్కటే కారణం కాకపోవచ్చు, అక్కడి వడ్డీకీ ఇక్కడి వడ్డీకీ తేడా, దాని మీద ఇక్కడ పన్ను లేకపోవడం కూడా చూసుకునే వేసి ఉంటారు.

నా ఎఫ్‌డీ రేటుకు, ఈ అంకెకు సంబంధం ఏమైనా ఉందా?

ఉంది. అప్పులు డిపాజిట్ల కంటే వేగంగా పెరుగుతుంటే బ్యాంకులు డిపాజిట్ కోసం పోటీ పడతాయి, 444 రోజులు, 555 రోజులు అని వింత వింత పేర్లతో స్పెషల్ ఎఫ్‌డీలు వస్తాయి. 2025లో ఆర్‌బీఐ రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 6.5 నుంచి 5.25 శాతానికి దించింది, సీఆర్‌ఆర్‌ను 4 నుంచి 3 శాతానికి తగ్గించింది, ఎఫ్‌డీ రేట్లూ దిగాయి. అయితే హోమ్ లోను రేటు దిగినంత చురుగ్గా ఎఫ్‌డీ రేట్లు దించలేక చాలా బ్యాంకులు ఇబ్బంది పడ్డాయి. మరీ దించితే డిపాజిట్ పక్క బ్యాంకుకు పోతుందని భయం. సీడీ నిష్పత్తి ఎక్కువగా ఉన్న చిన్న బ్యాంకు అర శాతం ఎక్కువ ఇస్తోందంటే అది మీ మీద ప్రేమతో కాదు, అవసరం కొద్దీ.

అలాంటి బ్యాంకులో డబ్బు పెట్టొచ్చా మరి?

ఒక బ్యాంకులో మీ పేరు మీద ఉన్న డిపాజిట్లన్నీ కలిపి, అసలు వడ్డీతో సహా 5 లక్షల దాకా డీఐసీజీసీ (డిపాజిట్లకు బీమా ఇచ్చే ఆర్‌బీఐ అనుబంధ సంస్థ) బీమా ఉంటుంది. 2020 ఫిబ్రవరికి ముందు ఇది లక్షే. అదే బ్యాంకులో నాలుగు బ్రాంచిల్లో నాలుగు ఎఫ్‌డీలు వేసినా పరిమితి ఒక్కటే, బ్రాంచికి ఐదు లక్షలు కాదు. వేరే వేరే బ్యాంకుల్లో పెడితే ఒక్కో బ్యాంకుకు విడిగా ఐదేసి లక్షలు. భార్యాభర్తల జాయింట్ ఖాతాను, విడి ఖాతాలను వేరు వేరుగా చూస్తారు. వడ్డీ కూడా కలిపే లెక్క కాబట్టి చిన్న బ్యాంకులో వేసేవాళ్లు సరిగ్గా ఐదు లక్షలు కాకుండా నాలుగున్నర దగ్గర ఆగడం మంచిది.